అండాశయంలో నీటి బుడగ అనగానే ఆపరేషనేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా వీధిలో ఉండే ముప్పై రెండేళ్ల ఇల్లాలు పొత్తికడుపులో కుడివైపు మందంగా నొప్పి వస్తోందని పోయిన నెల ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు స్కానింగు రిపోర్టుతో పాటు ఆపరేషను తేదీ కూడా వెంట తెచ్చుకున్నారు. నేను ప్రభుత్వాసుపత్రి స్త్రీల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఆ కాగితం ఒకసారి చూడమని మా ఇంటికి పట్టుకొచ్చారు. కుడి అండాశయంలో 4.2 సెంటీమీటర్ల తిత్తి, అంటే బుడగ ఉందనీ, దాని గోడ పలుచగా ఉందనీ, లోపల తేటనీరు తప్ప మరేమీ లేదనీ అందులో రాసి ఉంది. ఆమెకు నోటితో చెప్పింది మాత్రం వేరు. బుడగ పగిలితే ప్రాణం మీదికి వస్తుందని, వదిలేస్తే క్యాన్సరు అవుతుందని, ఎలాగూ ఇద్దరు పిల్లలు పుట్టారు కాబట్టి గర్భసంచితో సహా తీసేయించుకోవడం మేలని చెప్పారట. బుడగ ఉన్నది అండాశయంలో అయితే గర్భసంచి ఎందుకు తీయాలని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నెలసరి సక్రమంగా వచ్చే స్త్రీ అండాశయంలో నెలనెలా ఒక చిన్న నీటి సంచి పెరుగుతుంది. అండం ఎదిగేది అందులోనే. ఆ సంచి రెండు సెంటీమీటర్లు దాటాక పగిలి అండం బయటికి వస్తుంది. ఒక్కో నెల అది పగలకుండా పెరుగుతూ పోవచ్చు, లేదా పగిలిన చోటు మళ్లీ మూసుకుని అక్కడ నీరో రక్తమో చేరవచ్చు. డాక్టర్లు సిస్టు అని చెప్పేవాటిలో చాలా భాగం ఇవే, రెండు మూడు నెలసరులు గడిచేసరికి ఇవి వాటంతటవే కరిగిపోతాయి. ముట్లు ఇంకా ఆగని స్త్రీలలో 5 సెంటీమీటర్లలోపు ఉన్న సాదా నీటి తిత్తికి సాధారణంగా మళ్లీ స్కానింగు కూడా అక్కరలేదని, 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉంటే ఏడాదికోసారి చూస్తే చాలని, 7 దాటినప్పుడే ఎమ్మారై గురించో ఆపరేషను గురించో ఆలోచించాలని బ్రిటన్‌లోని స్త్రీ వైద్య నిపుణుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బుడగ కరగడానికని గర్భనిరోధక మాత్రలు రాసే అలవాటు మన దగ్గర ఇప్పటికీ ఉంది. అవి కొత్త తిత్తులు రాకుండా చూస్తాయేమో గాని, ఉన్నదాన్ని త్వరగా కరిగించవని పరీక్షల్లో ఎప్పుడో తేలింది.

అన్నీ కరిగేవేనని నేను చెప్పబోవడం లేదు. నేను థియేటర్‌లో ఉన్న రోజుల్లో ట్రేలో పెట్టిన ఒక డెర్మాయిడ్ తిత్తిని కోసి చూపించారు. వెన్న ముద్దలాంటి కొవ్వు, అందులో చుట్ట చుట్టుకున్న వెంట్రుకలు, ఒక పన్ను. ఇలాంటివి, పాత రక్తం పేరుకున్న చాక్లెట్ సిస్టులు ఎదురుచూస్తే పోవు. అయినా వాటికి కూడా వయసులో ఉన్న స్త్రీలలో చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ పద్ధతిలో తిత్తిని మాత్రమే ఒలిచి అండాశయాన్ని నిలబెట్టవచ్చు. తిత్తి లోపల గట్టి భాగాలు కనిపించినా, కడుపులో నీరు చేరినా, ముట్లు ఆగిపోయిన వయసులో కొత్తగా తిత్తి బయటపడినా జాగ్రత్తగా పరీక్షించాల్సిందే. అప్పుడు క్యాన్సరు అనుమానంతో చేయించే సీఏ-125 రక్తపరీక్షలో అంకె పెరిగినంత మాత్రాన బెంబేలెత్తనవసరం లేదు, నెలసరి సమయంలోనూ గర్భసంచిలో గడ్డలు ఉన్నా కడుపులో క్షయ ఉన్నా అది పెరుగుతుంది. ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, దాంతో వాంతులు మొదలైతే తిత్తి బరువుకు అండాశయం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

పీసీఓడీ (అండాశయాల్లో చిన్న చిన్న బుడగల్లా కనిపించే హార్మోన్ల సమస్య) అని రాసిన రిపోర్టు చూసి కూడా బుడగలు తీయించాలా అని అడిగేవారు ఎందరో. అందులో కనిపించేవి ఎదగకుండా ఆగిపోయిన, సెంటీమీటరు కూడా లేని అండపు సంచులే తప్ప తిత్తులు కావు, కోసి తీయాల్సినవి అంతకన్నా కావు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. వీటన్నిటికీ సిస్టులే కారణమని నేననను. అయితే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా పోయిన స్త్రీకి ముప్పై అయిదేళ్లకే ముట్లు ఆగి, ఒంట్లో ఆవిర్లు మొదలై, ఎముకలు గుల్లబారడం నేను వార్డులో చూశాను. అనవసరంగా గర్భసంచులు తీయడంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిస్తూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మాట మన జిల్లా కేంద్రాల్లోని నర్సింగ్ హోముల దాకా ఎంతవరకు చేరిందో వైద్యాధికారులు ప్రజలకు చెప్పాలి.

నా విన్నపం చిన్నది. స్కానింగు రిపోర్టు చివర తిత్తి ఏ రకమో, ఎంత ఉందో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో తెలుగులో మూడు ముక్కలు రాసి ఇవ్వాలని ఆరోగ్యశాఖ ఆదేశించాలి. మా వీధి ఇల్లాలి ఆపరేషను తేదీ గడిచిపోయింది. ఆమె ఇంకొక స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించుకున్నారు. నొప్పి ముదిరితే తప్ప ఎనిమిది వారాలు ఆగి, నెలసరి ముగిసిన వెంటనే మళ్లీ స్కానింగు చేయించుకోమని ఆవిడ రాసిచ్చిన చీటీని వాళ్లింట్లో క్యాలెండరుకు గుచ్చి పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
తెనాలి