కోత ఎన్ని అంగుళాలో కాదు, చెప్పాల్సింది వేరే ఉంది

ఎడిటర్ గారికి,

ఈ మధ్య మీ జిల్లా పేజీల్లో ‘కీహోల్ తుంటి మార్పిడి, మర్నాడే నడక’ అంటూ వార్తో ప్రకటనో తెలియని ముక్కలు తరచూ కనిపిస్తున్నాయి. అలాంటిదొకటి కత్తిరించి జేబులో పెట్టుకుని మా బావగారు హైదరాబాద్ బయల్దేరారు, తోడు నేను. ఆయనకు ఏవీఎన్, అంటే రక్తం అందక తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగం చచ్చిపోయింది, 46 ఏళ్లకే చేతికర్ర.

ఆస్పత్రిలో కౌన్సెలర్ అమ్మాయి కోత ఎన్ని అంగుళాలో, ప్యాకేజీ ఎంతో గంటసేపు చెప్పింది. డాక్టర్ గారు ఈ పద్ధతిలో ఎన్ని చేశారమ్మా అంటే మాత్రం ‘సార్ చాలా సీనియర్ అండీ’.

అసలు కీహోల్ అన్న మాటే తప్పు. రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేది ఆర్థ్రోస్కోపీ. కీలు మార్చాలంటే దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నెలాంటి కృత్రిమ భాగం లోపల బిగించాలి, అది తాళంచెవి రంధ్రంలో పడుతుందా? ఇప్పుడు పెరుగుతున్నది ముందువైపు నుంచి చేసే పద్ధతి, ఫ్రాన్స్‌లో 1940లలోనే చేశారు. వెనక నుంచి అయితే తుంటిని తిప్పే చిన్న కండరాలు కోసి మళ్లీ కుడతారు, ముందు నుంచి అయితే కండరాల మధ్య సందులోంచి వెళ్తారు, అందుకే మొదటి వారాల్లో నొప్పి తక్కువ. మంచిదే, కాదనను. కానీ కొన్ని నెలలు పోయాక రెండు రకాల వాళ్లూ దాదాపు ఒకేలా నడుస్తారని, తొడ పక్కన మొద్దుబారొచ్చని, డాక్టర్‌కు చెయ్యి తిరిగేదాకా ఎముక చిట్లే ప్రమాదం ఎక్కువని ఏ ప్రకటనలోనూ చూడలేదు. మర్నాడు నడిపించడం పాత పద్ధతిలోనూ ఉంది.

స్వీడన్‌లో 1979 నుంచి తుంటి మార్పిడులకు రిజిస్టర్ ఉంది, ఏ కీలు ఎన్నేళ్లు నిలిచిందో లెక్క తెలుస్తుంది. మన ఆస్పత్రులు కనీసం ఈ ఏడాది ఎన్ని చేశాం, ఎందరికి మళ్లీ తెరవాల్సి వచ్చింది అని బోర్డు పెట్టొచ్చు కదా? మీరూ డబ్బు తీసుకుని వేసిన దానిపైన ‘ప్రకటన’ అని కళ్లజోడు లేకుండా కనపడేలా వేయండి.

బావగారికి చివరికి వేరేచోట వెనక నుంచే చేశారు. మూడో నెలలో స్కూటర్ తీశారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దన్నారు, పెళ్లి భోజనాల్లో కుర్చీ వెతుక్కుంటున్నారు.

— ఒక పాఠకుడు, ఖమ్మం