ఆ రాత్రి మమ్మల్ని ఆపిన అన్నకి

మొన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కరెంట్ మీటర్ల బోర్డు అంటుకుని పొగంతా మెట్ల మీదుగా పైకి వచ్చేసింది, నాలుగో ఫ్లోర్‌లో ఉన్న మేం అమ్మని పట్టుకుని లిఫ్ట్ వైపు పరిగెత్తాం. "లిఫ్ట్ వద్దమ్మా, కరెంట్ పోతే మధ్యలో ఇరుక్కుపోతారు" అని అరిచి ఆపింది మీరే అన్నా. మీరెవరో తెలీదు, భుజాన డెలివరీ బ్యాగ్ ఒక్కటే గుర్తుంది. వంగి నడవండి, పొగ పైనే ఉంటది అంటూ మమ్మల్ని మళ్ళీ ఇంట్లోకి తెచ్చి, తలుపేసి, తడిపిన దుప్పటిని తలుపు కింద సందులో కుక్కి, 101కి ఫోన్ చేసి ఏ ఫ్లోరో ఎంతమందో కూడా మీరే చెప్పారు. ఫైర్ వాళ్ళు బాల్కనీకి నిచ్చెన వేసేదాకా అమ్మ చెయ్యి వదల్లేదు మీరు. కిందకి దిగి చూస్తే కనబడలేదు. తన ముక్కుకి కట్టిన మీ కర్చీఫ్‌ని అమ్మ ఉతికి మడిచి దాచింది. చాలా చాలా థాంక్స్ అన్నా, ఇది చూస్తే ఒక్కసారి ఇంటికి రండి, మీకు అన్నం పెట్టాలని అమ్మ రోజూ అడుగుతోంది.