ఢిల్లీ నుంచి రెండుంబావు గంటలు, శంషాబాద్ నుంచి నాలుగు గంటలు: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. వరంగల్‌లో విమానాలు నడవక మూతపడి ఉన్న మామునూరు విమానాశ్రయం గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఫైళ్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. మేం మూడుసార్లు వినతిపత్రాలు ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన కాగితాలు మిగిలాయి తప్ప జవాబు రాలేదు. అందుకే ఈ లేఖ.

మాది వరంగల్ రంగశాయిపేట. మామునూరు రన్‌వే మా ఇంటికి పది నిమిషాల దూరం. మేం విమానం ఎక్కే శంషాబాద్ మాత్రం రోడ్డు మీద దాదాపు 170 కిలోమీటర్లు.

మొన్న పుష్యమాసంలో మా నాన్న తెల్లవారుజామున పోయారు. తమ్ముడు ఢిల్లీలో ఉంటాడు. దొరికిన మొదటి టికెట్ తీసుకుని 10:35కు బయలుదేరి, 12:50కి శంషాబాద్‌లో దిగాడు. పన్నెండు వందల కిలోమీటర్లు పైనే దాటి వచ్చిన దారి అది. అక్కడి నుంచి క్యాబ్‌లో ఔటర్ మీదుగా ఘట్‌కేసర్ వచ్చి వరంగల్ రోడ్డు ఎక్కాడు. "అన్నా, భువనగిరి దాటిన" అని ఒక ఫోన్. "జనగామ దగ్గర లారీలు ఆగినయ్, ఆపి ఉంచుండ్రి" అని ఇంకో ఫోన్. ఇక్కడేమో పొద్దుగూకక ముందే లేపాలని పెద్దలు తొందర పెడుతున్నారు. ఫ్రీజర్ బాక్స్ అద్దం మీద ఆవిరి పట్టినప్పుడల్లా అమ్మ కొంగుతో తుడుస్తూ కూర్చుంది, చిన్నోడు వచ్చేసరికి ముఖం కనబడాలని. వాడు అయిదింటికి వచ్చాడు. బ్యాగుకు విమానం వాళ్లు కట్టిన చీటీ అలాగే ఉంది. తండ్రి దగ్గర వాడికి దక్కింది పావుగంట.

ఆ విమానం మామునూరులో దిగి ఉంటే మధ్యాహ్నం రెండింటికల్లా వాడు నాన్న పక్కన కూర్చునేవాడు. ఆ మూడు గంటలు మాకు ఎవరు తెచ్చిస్తారు సార్?

తిరుగు ప్రయాణమూ అంతే. పొద్దున 6 గంటల విమానానికి రాత్రి 11కే ఇల్లు వదలాలి. రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి కదా, దారిలో ఎక్కడ ఆగిపోతామో అని టెన్షన్. డయాలసిస్ అయిన మనిషినైనా, చంటిబిడ్డ తల్లినైనా అలాగే తీసుకెళ్తున్నాం. టికెట్ మీద మాత్రం ప్రయాణ సమయం 2 గంటల 15 నిమిషాలనే ఉంటుంది.

శంషాబాద్‌కు గగనమార్గంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన అడ్డమన్నారు, ఓపిక పట్టాం. ఆ అడ్డు తొలగింది. ఉన్న 696 ఎకరాలకు తోడు 253 ఎకరాలు కావాలన్నారు, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న మీ శాఖ అనుమతి వచ్చిన రోజు మా వాడలో మిఠాయిలు పంచుకున్నాం. నాన్న కూడా ఒక లడ్డూ తిన్నారు, షుగర్ ఉన్నా వినకుండా. "మనవరాలు ఇక్కడే దిగుతది" అన్నారు.

దయచేసి తేదీ చెప్పండి సార్. రన్‌వే పనులు ఎప్పటికి పూర్తవుతాయి, టెర్మినల్ ఎప్పుడు, మొదటి విమానం ఏ నెలలో? ఆలస్యమైతే ఎందుకో కూడా చెప్పండి, అర్థం చేసుకుంటాం. భూములు వదులుకున్న రైతులకైనా ఆ మాట చెప్పాలి. మా అమ్మకు డెబ్బై దాటాయి. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా "మామునూరుల విమానం ఎప్పుడొస్తదట బిడ్డా?" అని అడుగుతోంది.

ఇట్లు,
రంగశాయిపేట వాసి, వరంగల్