బియ్యం కార్డుల లెక్క 2011 దగ్గరే ఆగింది

సంపాదకుడు గారికి,

కొత్త బియ్యం కార్డు ఎప్పుడొస్తుందని జనం నిలదీసేది వీఆర్వోను, తహసీల్దారును. అర్హత చూడటం వరకే వాళ్ల పని. కేంద్రం బియ్యం ఎంతమందికి ఇవ్వాలో ఢిల్లీలో ఎప్పుడో తేల్చేశారు.

2013 ఆహార భద్రత చట్టం దేశం మొత్తం మీద గ్రామాల్లో 75, పట్టణాల్లో 50 శాతం మంది వరకు ధాన్యం ఇవ్వొచ్చంది. ఇందులో ఏ రాష్ట్రానికెంతో 9వ సెక్షన్ కింద కేంద్రమే నిర్ణయిస్తుంది. 2011-12లో కుటుంబాల వినియోగ ఖర్చుపై చేసిన సర్వే ఆధారంగా కర్ణాటకకు గ్రామాల్లో 76.04, పట్టణాల్లో 49.36 శాతం ఇచ్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 60.96, 41.14తో సరిపెట్టింది. విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలకూ అవే అంకెలు మిగిలాయి. ఇది అన్యాయం. పైగా ఆ శాతాలను ఇప్పటికీ 2011 జనాభాకే వర్తింపజేస్తున్నారు. దేశమంతటికీ కలిపి గరిష్ఠంగా 81.35 కోట్ల మంది, అంతే.

ఆ పరిమితి దాటి ఇచ్చే కార్డుల ఖర్చు రాష్ట్ర ఖజానాదే. ఖజానా మోయలేనప్పుడు కొత్త పేరు చేరాలంటే పాత పేరు పోవాలి. ఈ ఒత్తిడిలో ఈకేవైసీ, అంటే ఆధార్ వేలిముద్రతో కార్డుదారులను సరిచూడటం, ప్రమాదకరంగా మారుతుంది. చనిపోయినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు ఏరడానికి అది అవసరమే. కానీ వేలిముద్రలు అరిగిపోయిన కూలీలు, వలసెళ్లినవాళ్లు, అయిదేళ్లు నిండాక ఆధార్‌లో బయోమెట్రిక్ నమోదు చేయించని పిల్లలు కూడా ‘పెండింగ్’ జాబితాలోకే చేరతారు. ఇంటికెళ్లి విచారించకుండా ఆ జాబితాలోంచి ఒక్క పేరూ తీయకూడదు.

కొత్త జనాభా లెక్కలు వచ్చేదాకా ఆగమనడం సరికాదు. ఏ రోజు నాటి జనాభాను లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీయే 2027 మార్చి 1. అంకెలు ప్రచురించి, వాటాలు మార్చేసరికి ఇంకెంత ఆలస్యమో. 2011 లెక్కల దగ్గరే ఆగొద్దని వలస కూలీల కేసులో సుప్రీంకోర్టు 2022లోనే కేంద్రానికి చెప్పింది. అడ్డుపడుతున్నది 9వ సెక్షన్‌లో ‘ప్రచురితమైన జనాభా లెక్కల ప్రకారం’ అన్న షరతు. దానికి ‘లేదా అధికారిక జనాభా అంచనాల ప్రకారం’ అని చేరిస్తే చాలు. 2036 వరకు రాష్ట్రాలవారీ అంచనాలు 2020 నుంచే ప్రభుత్వం దగ్గరున్నాయి.

బియ్యం చాలవనీ అనలేరు. 2025లో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యాన్ని ఇథనాల్ తయారీకి క్వింటా 2,250 రూపాయలకు ఇచ్చింది కేంద్రమే. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి, 9వ సెక్షన్ సవరణను, కర్ణాటకతో సమానమైన శాతాలను పార్లమెంటులో గట్టిగా అడగాలి.

– ఒక పాఠకుడు