పిల్లల ఆదివారం తరగతులు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జీవన నైపుణ్యాల పేరుతో ఉపన్యాసాలు పెట్టించడం ఈ ఏడాది మానేశాం. ‘ఆత్మవిశ్వాసం పెంచుకోండి’ అని గంటసేపు చెబితే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికెళ్తారు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది నైపుణ్యాల్లో నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం లాంటివి చేస్తేనే వస్తాయి. అందుకే తరగతులన్నీ పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునేలా మార్చాం.

ఎక్కువ సమయం, చదివింది గుర్తుండేలా చేసే చీటీల పెట్టెకే ఇచ్చాం. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చెప్పుల అట్టపెట్టెలో మూడు అరలు చేయాలి. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ముందు ప్రశ్న, వెనక జవాబు రాయాలి. మొదటి అర చీటీలు రోజూ, రెండోవి మూడు రోజులకోసారి, మూడోవి వారానికోసారి తీయాలి. జవాబు వస్తే చీటీ తర్వాతి అరలోకి వెళ్తుంది. తప్పితే, ఏ అరలో ఉన్నదైనా మొదటి అరకే రావాలి. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. మరిచిపోబోతుండగా కష్టపడి గుర్తు తెచ్చుకుంటే అది నిలబడుతుంది. అదే పేజీని నాలుగుసార్లు చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, పరీక్ష హాల్లో గానీ సంగతి తెలియదు.

పెట్టె మూలన పడడానికి కారణాలు ముఖ్యంగా మూడు. ఒకే చీటీలో పేరా మొత్తం రాస్తారు. అప్పుడు సగం వచ్చినా వచ్చినట్టా, రానట్టా తేలదు, కాబట్టి చీటీకి ఒక్క సంగతే ఉండాలి. మొదటి రోజు ఉత్సాహంలో యాభై చీటీలు రాస్తారు, వారం తిరిగేసరికి మొదటి అర నిండిపోయి విసుగొస్తుంది. రోజుకు అయిదు కొత్తవి చాలు. మూడోది పెద్దవాళ్ల వల్ల: పెట్టె తీసి మార్కులు లెక్కపెడితే, తిట్లకు భయపడి రాని చీటీని కూడా ముందుకు నెడతారు. అమ్మానాన్నలు దయచేసి ఆ పెట్టె ముట్టుకోవద్దు.

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఇంటి కూరగాయల లెక్క పిల్లలకే అప్పగించాం. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి గనుక బేరం గొడవ లేదు. పావుకిలో, ముప్పావుకిలో దగ్గరే తడబడతారు. కిలో ధరను నాలుగుతో భాగించడం ముందు నోటితో చేయించాలి.

బీచ్ పాఠం గట్టు మీదే, ఇసుకలో గీతలు గీసి చెప్పాం. అలలు విరగకుండా నున్నగా కనిపించే పాయలోనే నీరు లోపలికి లాగుతుండొచ్చు, పిల్లలు మాత్రం ప్రశాంతంగా ఉందని అక్కడికే వెళ్తారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యెత్తాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోవాలి. కాపాడదామని దూకకుండా తేలే వస్తువు విసిరి, 112కు ఫోన్ చేయాలి.

ఖర్చుల లెక్క విడిగా జతచేశాం. వచ్చే ఏడాదికి ఖాళీ చెప్పుల పెట్టెలు, రెండువైపులా ఖాళీగా ఉన్న కాగితాలు కావాలి. ఆదివారం తరగతికి వచ్చేటప్పుడు తెచ్చివ్వండి.