ఆడోళ్ళ క్యాన్సర్‌కు ఏం ట్రీట్‌మెంట్ చేస్తరో ముందుగాల చెప్పే మనిషిని పెట్టండి సార్: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు. మా చిన్నమ్మకు గర్భసంచి మూతి క్యాన్సర్ అని తేలినప్పుడు ఆమె ఎంబడి దవాఖానల పొంటి తిరిగినదాన్ని నేను. చిన్నమ్మ ఇప్పుడు మంచిగనే ఉంది, చెకప్‌లకు పోతున్నది. నా మనాది అంతా ఆమె పక్క బెడ్ల మీద కనబడ్డ పాలమూరు, వనపర్తి, అచ్చంపేట, మిర్యాలగూడ ఆడోళ్ళ గురించి, సగంల ట్రీట్‌మెంట్ ఇడిసిపెట్టి ఊరికి పోయినోళ్ళ గురించి. పైసలు లేక పోయిండ్రు అనుకుంటరు అందరు. పైసల బాధ ఉన్నది, లేదంటలేను, కానీ నేను మాట్లాడినోళ్ళల్ల చానమంది పోయింది రేపు ఏం చేస్తరో తెల్వక, భయపడి.

అందుకే అడిగేది ముందుగాలనే అడుగుత. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానల్ల, తర్వాత సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల గూడ, క్యాన్సర్ అనుమానం ఉన్న ప్రతి ఆడమనిషిని కూసోబెట్టి మొదటి పరీక్ష నుంచి ఆఖరి కరెంట్ (రేడియేషన్‌ను మా దిక్కు కరెంట్ పెట్టుడు అంటరు) దాంక ఏమేం జరుగుతది, ఎన్ని వారాలు పడుతది, నొప్పి ఎక్కడ ఉంటది ఎక్కడ ఉండదు అని చెప్పే ఒక ట్రైనింగ్ అయిన ఆడమనిషిని పెట్టండి. ఆరోగ్యమిత్రలు ఉన్నరు కదా అంటరేమో, వాళ్ళు ఆరోగ్యశ్రీ కార్డు పని అప్రూవల్ పని చూస్తరు, మంచిగనే చూస్తరు, కానీ బయాప్సీ అని పరీక్షకు ముక్క తీస్తే రోగం ఒళ్ళంత పాకుతదా అని అడిగే ఆమెకు జవాబు చెప్పుడు వాళ్ళ పని కాదు.

మా దిక్కు అసలు కథ ఎక్కడ మొదలైతదో మీకు తెల్వాలె సార్. తెల్లబట్ట అయితుందన్నా, నడుము నొప్పి అన్నా, ముట్టు ఎక్కువ పోతుందన్నా ముందు ఆర్ఎంపీ దగ్గరికి పోతరు, ఆయన టౌన్ల నర్సింగ్ హోంకు పంపుతడు, అక్కడ ఒక స్కానింగ్ తీసి గర్భసంచికి పుండు ఉంది, వాపు ఉంది, తీసెయ్యకపోతే క్యాన్సర్ అయితది అంటరు. ఆ మాట ఇన్నంక ఎవరు ఆగుతరు చెప్పండి, బంగారం కుదువ పెట్టి ఆపరేషన్ చేపిచ్చుకుంటరు. 30, 35 ఏండ్లకే గర్భసంచి లేని ఆడోళ్ళు మా వాడల ఇంటికొకరు దొరుకుతరు. దేశంల ఈ ఆపరేషన్లు ఎక్కువైన రాష్ట్రాల్ల మనం, ఆంధ్ర ముందు వరుసల ఉన్నమని కేంద్రం చేసే కుటుంబ ఆరోగ్య సర్వేలనే ఉన్నది. క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీసేటోళ్ళు క్యాన్సర్ ఉన్నదో లేదో చూసే చిన్న పరీక్ష మాత్రం చెయ్యరు, నాకు కోపం వచ్చేది గాడనే. మా చిన్నమ్మకు ముట్టు ఆగి ఏండ్లయినంక మళ్ళ రక్తం కనబడ్డది, ఒక నర్సింగ్ హోంల కనీసం లోపల పరికరం పెట్టి చూడకుండనే ఆపరేషన్‌కు డేట్ ఇచ్చిండ్రు. మా ఊరి ఏఎన్ఎం మేడం ఇంటికొచ్చి 'అక్కా, ముట్టు ఆగినంక రక్తం వస్తే ముందు ముక్క పరీక్ష చెయ్యాలె, ఆ తర్వాతనే ఏదైనా' అని గట్టిగ చెప్పబట్టి ఆగినం. లోపల క్యాన్సర్ ఉన్నది తెల్వకుండ మామూలుగ గర్భసంచి తీసేస్తే రోగం చుట్టుపక్కల మిగిలిపోతది, మళ్ళ కరెంట్ పెట్టాల్సిందే, పైగా గర్భసంచి ఉన్న జాగల పేగులు కిందికి దిగి వాటికి కరెంట్ తగిలి బాధ ఎక్కువైతది, రోగం నయమయ్యే అవకాశం తగ్గుతది. అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లు ఆపే గైడ్‌లైన్స్ అన్ని రాష్ట్రాలు అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలల్ల అది ఎవరు చూస్తున్నరో జనానికి తెలిసేటట్టు చెయ్యండి సార్, ఏ ప్రైవేట్ దవాఖాన అయినా గర్భసంచి తీసే ముందు మూతి పరీక్ష రిపోర్ట్ ఫైల్ల ఉండాలని కచ్చితం చెయ్యండి.

ఆ పరీక్ష పెద్దదేం కాదు. గర్భసంచి మూతికి ఎసిటిక్ యాసిడ్ అని సిర్కా లాంటి నీళ్ళు రాసి ఒక నిమిషం ఆగి తెల్లమచ్చ వస్తదా అని చూస్తరు, 5 నిమిషాల పని, కోసేది లేదు కుట్టేది లేదు. 30 నుంచి 65 ఏండ్ల ఆడోళ్ళకు 5 ఏండ్లకోసారి చెయ్యాలని సెంట్రల్ ప్రోగ్రాంల ఉన్నది. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టిండ్రు, మంచి పని. కానీ మంగళవారం పొద్దున మా ఆడోళ్ళు పత్తి ఏరనో కలుపుకో పోయి ఉంటరు, ఆ పరీక్ష ఎట్ల ఉంటదో ఎవరూ చెప్పకపాయె, ఏ నొప్పీ లేనోళ్ళు బట్టలు తీసి పండుకొమ్మంటే ఎందుకు పోతరు? హెచ్‌పీవీ అనే వైరస్ తోటి వచ్చే ఈ రోగం క్యాన్సర్‌గ మారేటందుకు పదేండ్లు పదిహేనేండ్లు పడుతది, ఆ లోపల మచ్చ దొరికితే అదే రోజు చిన్నగ కాల్చి ఇంటికి పంపొచ్చు. తెల్లమచ్చ అంటే క్యాన్సర్ కాదు అని కూడ చెప్పాలె, లేకపోతే మచ్చ ఉందన్న మాటకే మంచం పడుతరు మావోళ్ళు.

ఇగ అనుమానం వచ్చినంక సంగతి. ముక్క తీసిన తర్వాత రిపోర్ట్ వచ్చేదాంక రోజులు పడుతయి, ఆ రోజులల్ల ఇంట్ల వంట గూడ సక్కగ కాదు. ముక్క తీస్తే రోగం పాకదు, రిపోర్ట్ లేకుండ ఏ క్యాన్సర్ డాక్టరూ మందు మొదలుపెట్టరు, ఈ రెండు ముచ్చట్లు ముందుగాల చెప్తే సగం భయం పోతది. ఆ తర్వాత రోగం ఎందాక పోయిందో చూసేటందుకు ఎంఆర్ఐ, సీటీ తీస్తరు, కిడ్నీల పరీక్ష చేస్తరు ఎందుకంటే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల మీద పడుతది, హిమోగ్లోబిన్ చూస్తరు. మన రాష్ట్రంల ఆడోళ్ళల్ల సగానికి ఎక్కువమందికి రక్తం తక్కువనే ఉంటది సార్, అందుకే చానమందికి ట్రీట్‌మెంట్ కంటే ముందు రక్తం ఎక్కియ్యాల్సి వస్తది, అప్పటికప్పుడు రక్తం ఇచ్చేటోళ్ళను హైదరాబాద్‌ల ఎక్కడ తెస్తరు, ముందే తెలిస్తే ఊర్ల నుంచి పోరగాండ్లను ఎంబడి తీస్కపోతరు.

ఇంకో బాధ. డాక్టర్లు కొడుకును పక్కకు పిలిచి చెప్తరు, ఆమెకు ఏం చెప్పరు, గడ్డ ఉంది కరిగిపోతది అంటరు. ఒళ్ళు ఆమెది సార్, పండుకునేది ఆమె, ఆమెకు చెప్పాలె. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలె, తెర ఉండాలె, ముందు ఏం చేస్తున్నరో చెప్పి చెయ్యాలె.

గర్భసంచి మూతి క్యాన్సర్ మొదట్ల దొరికితే పెద్ద ఆపరేషన్ చేస్తరు. మావోళ్ళకు ఎక్కువ ముదిరినంకనే దొరుకుతది కాబట్టి కరెంట్, కీమో కలిపి ఇస్తరు. వారానికి 5 రోజులు, 5 వారాల దాంక బయట నుంచి కరెంట్, వారానికోసారి కీమో. బయటి కరెంట్ పెట్టేటప్పుడు నొప్పి ఉండదు, ఎక్స్‌రే తీసినట్టే, కొన్ని నిమిషాలు. నీళ్ళు తాగి ఒంటికి పోకుండ ఆపుకోమంటరు, మూత్రం సంచి నిండుగ ఉంటే పేగులు పైకి జరుగుతయి అందుకు. మా చిన్నమ్మ పొట్ట మీద, రెండు తుంట్ల మీద రంగు పెన్నుతోటి గీతలు గీసి చెరగొద్దు అన్నరు, అవి కరెంట్ ఎక్కడ తగలాలో గురి పెట్టుకునే గీతలని చెప్పలె, ఆమె ఏదో తప్పయితదని స్నానమే బంద్ చేసింది, ఎండకాలంల. వారాలు గడుస్తుంటే విరేచనాలు, మూత్రంల మంట, నీరసం వస్తయి, వాటికి మందులున్నయి, డాక్టర్‌కు చెప్పాలె, రోగం ముదిరింది అనుకొని ఇంటికి పోవద్దు. ఈ వారం వారం ఇచ్చే సిస్‌ప్లాటిన్‌కు జుట్టంత ఊడుడు మామూలుగ ఉండదు, జుట్టు పోతదని కీమో వద్దన్నోళ్ళను నేను చూసిన.

అసలు ముచ్చట లోపలి కరెంట్. బయటిది అయిపోయినంక లోపలికి సన్నటి గొట్టాల లాంటి పరికరం మత్తు ఇచ్చి పెడతరు, స్కాన్ తీసి ప్లాన్ చేసేదాంక కదలకుండ పండుకోవాలె, తర్వాత కరెంట్ పెట్టి తీసేస్తరు, ఎక్కువగ 3, 4 సార్లు. ఇది లేకపోతే అంతకుముందు పెట్టింది గూడ సగం వృథానే, బయటిది లోపలిది అంతా కలిపి 8 వారాలల్ల అయిపోవాలె అంటరు డాక్టర్లు. కల్వకుర్తి దిక్కు ఆమె ఒకామె, మాకు దోస్తు అయ్యింది, బయటి కరెంట్ అయిపోంగనే ట్రీట్‌మెంట్ అంతా అయిపోయిందనుకొని సంచి సర్దుకొని పోయింది. కొడుకు పుణెకు పనికి పోయిండు, ఫోన్ ఎత్తేటోళ్ళు లేరు. నెలలు పోయినంక రక్తం పోతుంటే తీసుకొచ్చిండ్రు, అప్పటికి కాళ్ళు వాచినయి.

మా చిన్నమ్మ గూడ లోపలి కరెంట్ అనంగనే నేను చేపిచ్చుకోను బిడ్డా, ఇంటికి పోదాం పా అన్నది. అప్పుడు ఒక సిస్టర్ వచ్చి బెడ్ మీద కూసోని, ఓపీ చీటి ఎనక పెన్నుతోటి గర్భసంచి బొమ్మ గీసింది, ఇది మూతి, ఇక్కడ గడ్డ, పైపు ఇక్కడిదాంక వస్తది, మత్తుల ఉంటవు అమ్మా, మత్తు దిగినంక కొంచెం గుంజినట్టు ఉంటది, నొప్పికి సూది ఇస్తం అని చెప్పింది. చిన్నమ్మ ఆ చీటి తీసుకొని మడత పెట్టి రవికెల పెట్టుకున్నది. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇంటికి పోయినంక మనుమరాలిని ఎత్తుకోవచ్చునా అని. ఎత్తుకోవచ్చు, మిషన్ కాడనే కరెంట్ అయిపోతది, ఒంట్ల ఏం మిగలదు అన్నది సిస్టర్. తెల్లారి చిన్నమ్మ తనంతట తానే లేచి తయారైంది. 10 నిమిషాలు పట్టలేదు సార్ ఆ చెప్పుడు. ఆ సిస్టర్ డ్యూటీల లేకపోతే ఎట్లుండునో.

అండాశయం క్యాన్సర్ ఇంకో తీరు, పొట్ట ఉబ్బరం, కొంచెం తింటనే నిండినట్టు ఉండుడు, నెలల కొద్ది గ్యాస్ గోళీలు మింగుతరు, దొరికేసరికి చానమందికి పొట్టంత పాకి ఉంటది, ఆపరేషన్‌తో పాటు 3 వారాలకోసారి కీమో, దాంట్ల జుట్టు పోతది, మళ్ళ వస్తది. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు ముట్టు ఆగినంక రక్తం కనబడుడే గుర్తు, తొందరగ వస్తే ఆపరేషన్ తోటే చానమందికి నయమైతది.

ట్రీట్‌మెంట్ అయినంక సంగతి ఎవ్వరూ ఎత్తరు. కరెంట్ తోటి లోపల ఎండిపోతది, ఇరుకైతది, మొగుడు పెండ్లాల మధ్య కష్టమైతది, దానికి పరికరం ఉంటది, క్రీములు ఉంటయి. చిన్న వయసోళ్ళకు ముట్టు ఆగిపోయి ఒళ్ళు ఆవిర్లు వస్తయి. ఇవి మా ఆడోళ్ళు సచ్చినా నోరిప్పి అడగరు, అడగకముందే చెప్పాలె. మా నల్లగొండ ఫ్లోరైడ్ బాధ ఢిల్లీ దాంక పోయిందంటే కాళ్ళు చేతులు వంకర్లు పోయింది లోకం కండ్లకు కనబడ్డది కాబట్టి. ఈ రోగాన్ని పట్టుకొని ఏ ఆడది ధర్నాకు కూసుంటది సార్?

ఆపరేషన్, కీమో, కరెంట్ ఆరోగ్యశ్రీల ఉన్నయి, 2023 డిసెంబర్‌ల 10 లక్షలు చేసిండ్రు, ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయ్యింది, ఇవి లేకపోతే మేము హైదరాబాద్ మొఖమే చూడకపోదుము. కానీ విరేచనాలు అయితున్న మనిషి రోజూ 100 కిలోమీటర్లు బస్సుల పోయి రాలేదు, కరెంట్ నడిచే వారాలల్ల ఆమె, ఆమె తోటి వచ్చిన మనిషి పండుకునేటందుకు ఒక గది, తిండి దవాఖాన దగ్గర్లనే చూడండి. డేట్‌కు రానోళ్ళకు అదే వారం ఫోన్ పోవాలె, ఫోన్ కలవకపోతే ఆశా వర్కర్ ఇంటికి పోవాలె. 2025 కేంద్ర బడ్జెట్‌ల అన్ని జిల్లా దవాఖానల్ల 3 ఏండ్లల్ల క్యాన్సర్ డే కేర్ సెంటర్లు అన్నరు, మన దగ్గర అవి తెరిచే కాడల్ల నేను అడిగిన ఆడమనిషి కుర్చీ గూడ ఉండాలె.

ఇంకా చేతికి ఒక కాయితం ఇయ్యండి, బొమ్మలతోటి, పెద్ద అక్షరాలతోటి, మేము మాట్లాడే తెలుగుల. చదువు రానోళ్ళకు ఫోన్ల ఇనేటట్టు ఆడియో, అది లంబాడ భాషల గూడ ఉండాలె, దేవరకొండ తండాలల్ల ముసలోళ్ళకు తెలుగు సక్కగ రాదు. ఆ కాయితం హైదరాబాద్‌ల ఆఫీసుల కూసోని రాయకండి, ట్రీట్‌మెంట్ అయి బతికి ఉన్న ఆడోళ్ళను నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు పిలిచి అడిగి రాయండి. పిలిస్తే మా చిన్నమ్మ వస్తనన్నది, లోపలి కరెంట్ గురించి ఏం రాయాలో తానే చెప్తదట.

ఇట్లు,
దేవరకొండ దిక్కు నుంచి ఒక ఆడబిడ్డ