పాలపిట్టను పంజరంలో చూసే దసరా మనకొద్దు: తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర, చెలకల్లో పక్షులను గమనిస్తూ వాటి లెక్కలు రాసిపెట్టే ఒక చిన్న బృందంలో నేను వాలంటీరును. మాలో బ్యాంకు ఉద్యోగులున్నారు, రిటైరైన టీచర్లున్నారు, ఇంటర్ చదివే పిల్లలున్నారు. ఎవరికీ జీతాల్లేవు. వానలు తగ్గుముఖం పట్టి ఆశ్వయుజం వస్తోందంటే మాకు చేతినిండా పని. ఆ పనిలో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే రోజు దసరా. ఈ లేఖ దాని గురించే.

అడగదలచుకున్నది ముందే చెప్తాను. పండగ పూట పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ తిప్పి డబ్బులడిగే పద్ధతిని ఈ ఏడాది నుంచి ఆపించండి. పండగ రోజు నాలుగు చోట్ల తనిఖీలు చేస్తే ఇది ఆగదు. నెల ముందు నుంచే పని మొదలుపెట్టాలి. ఆ పనికి మాలాంటి బృందాలను వాడుకోండి.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచి జరుగుతుందన్న నమ్మకం మా ఇంట్లోనూ ఉంది. అజ్ఞాతవాసం ముగించి జమ్మి చెట్టు మీది ఆయుధాలు తీసుకున్న పాండవులకు ఈ పిట్ట కనిపించిందని చెప్పుకుంటారు. రావణుడి మీదికి యుద్ధానికి బయల్దేరిన రాముడికి కనిపించిందని ఇంకొందరు చెప్తారు. కథ ఏదైనా, మా చిన్నప్పుడు ఊళ్ళో చేసింది ఒక్కటే. సాయంత్రం కొత్త బట్టలు కట్టుకుని అందరం జమ్మికి పోయేవాళ్ళం. దారిలో పెద్దవాళ్ళు కరెంటు తీగల వంక, మోట బావుల మీది చెట్ల వంక చూస్తూ నడిచేవాళ్ళు. ఎవరికో ఒకరికి పిట్ట కనిపించేది, అందరం ఆగిపోయేవాళ్ళం. తీగ మీద కూర్చున్నంతసేపూ అది మట్టిరంగు పిట్టే, పెద్ద అందమేమీ ఉండదు. మిడత కోసం ఒక్కసారి కిందికి దూకి రెక్కలు విప్పిందంటే మాత్రం ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి. ఆ రంగు చూడాలంటే పిట్ట ఎగరాలి. ఊరు దాటి, పొలిమేర దాటి మనిషి పిట్ట దగ్గరికి పోవడమే ఆచారం. పిట్టను మన గడపకు పట్టుకురమ్మని ఏ ఆచారంలోనూ లేదు.

ఇప్పుడు నగరంలో జరుగుతున్నది వేరు. పండగ ముందు రోజుల్లో బంక పూసిన పుల్లలతో, ఉచ్చులతో పిట్టలను పడతారు. ఎగరకుండా కొన్నిటికి రెక్కల ఈకలు కత్తిరిస్తారు, కొన్నిటికి రెక్కలను బంకతో అతికిస్తారు, కొన్నిటికి కాళ్ళకు దారం కడతారు. దసరా పొద్దున కాలనీల్లో, గుళ్ళ ముందు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర పంజరం ఎత్తి పట్టుకుంటారు. జనం దండం పెట్టి పదో ఇరవయ్యో ఇస్తారు. ఇచ్చేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ పిట్ట పరిస్థితి ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అలాంటి పిట్టను ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ముక్కు మొదట్లో పంజరం తీగకు కొట్టుకుని తోలు లేచిపోయి ఉంటుంది. తోక ఈకలు సగానికి విరిగి ఉంటాయి. దారం ఒరుసుకున్న చోట కాలు వాచి ఉంటుంది. పంజరం అడుగున అన్నం మెతుకులో, బ్రెడ్డు ముక్కలో పడి ఉంటాయి. పాలపిట్ట వాటిని ముట్టదు. దాని తిండి మిడతలు, పెంకు పురుగులు, కీచురాళ్ళు, చిన్న బల్లులు. పంటకు చేటు చేసే పురుగుల్ని తినే ఈ పిట్టకు మన దగ్గర మెతుకులు పెట్టి ఆకలితో చంపుతున్నారు. ఎండలో తిప్పితే దాహంతో నోరు తెరిచి రొప్పుతుంది. కంగారుపడి ఎవరైనా నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే చచ్చిపోవచ్చు.

పట్టుబడిన పిట్టల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే. కేసు పెట్టి, పంజరం స్వాధీనం చేసుకుని, ఆ సాయంత్రమే ఏ పార్కులోనో కెమెరాల ముందు పిట్టను వదిలేయడం చాలాసార్లు చూశాం. చూసేవాళ్ళకు సంతోషంగానే ఉంటుంది. కానీ కత్తిరించిన ఈక జుట్టులా పెరగదు. పాత ఈక రాలిపోయి కొత్తది రావాలి, దానికి నెలలు పడుతుంది. బంక అంటిన రెక్కను నూనెతో మెల్లగా తుడిచి, కడిగి, ఆరబెట్టి, పిట్ట మళ్ళీ నిలకడగా ఎగురుతోందో లేదో పెద్ద ఎన్‌క్లోజర్‌లో చూసుకోవాలి. ఇవేవీ లేకుండా వదిలేస్తే అది పొదలోకి దూకి కూర్చుంటుంది, తెల్లారేలోపు పిల్లికో కుక్కకో దొరుకుతుంది. కాపాడామనుకున్న పిట్టలు కూడా ఇలా లెక్కలోకి రాకుండానే పోతున్నాయి.

పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. 2014లో రాష్ట్రం ఏర్పడిన కొద్ది నెలలకే జింక, జమ్మి, తంగేడుతో పాటు దీన్నీ రాష్ట్ర చిహ్నంగా ప్రకటించుకున్నాం. ఉమ్మడి రాష్ట్రానికి కూడా ఇదే రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, బంధించడం నేరం. ఏటా అక్టోబర్ మొదటి వారంలో మీ శాఖ వన్యప్రాణి వారోత్సవాలు జరుపుతుంది, బడి పిల్లలు డ్రాయింగ్ పోటీల్లో పాలపిట్ట బొమ్మలు గీస్తారు. 2025లో దసరా అక్టోబర్ 2న, సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది. బడిలో బొమ్మ గీసిన పిల్లకు వీధిలో అదే పిట్ట కాళ్ళు కట్టేసి కనిపిస్తే మనం ఏం జవాబు చెప్తాం మంత్రి గారూ?

దేశమంతటా పక్షుల పరిస్థితి మీద 2023లో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక వచ్చింది. 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల రికార్డులు దానికి ఆధారం. అలాంటి వాళ్ళలో ఎక్కువమంది మాలాగే సెలవు రోజున బైనాక్యులర్ మెడలో వేసుకుని బయల్దేరే మామూలు మనుషులే. పాలపిట్ట సంఖ్య 30 శాతానికి పైగా తగ్గిందని ఆ నివేదిక చెప్పింది. ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో స్థాయిని మళ్ళీ పరిశీలించాలని సూచించిన 14 జాతుల్లో దీన్ని చేర్చింది. ఎక్కడ చూసినా కనిపిస్తుందిలే అనుకునే పిట్ట గురించి వచ్చిన మాట ఇది. ఈ తగ్గుదలంతా దసరా వల్లేనని నేను అనను. పురుగుమందులున్నాయి, భూముల వాడకం మారడం ఉంది. కానీ తగ్గిపోతున్న పిట్టను పండగ పేరుతో మనమే పట్టి చంపుకోవడం ఒక్కటైతే మన చేతిలో ఉన్నది, మీ ఒక్క నిర్ణయంతో ఆగేది.

పిట్టలు పట్టేవాళ్ళ గురించి కూడా నాలుగు మాటలు వినండి. వాళ్ళు పేదవాళ్ళు, తరతరాలుగా అదే పని మీద బతికిన కుటుంబాల వాళ్ళు. పండగ మూడు రోజుల్లో వచ్చే ఆ డబ్బు వాళ్ళకు పెద్ద మొత్తమే. పంజరం లాక్కుని కేసు పెట్టి పంపిస్తే మరుసటి ఏడాది ఇంకో కాలనీలో కనిపిస్తారు. పైగా ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో, ఏ గట్టున పొద్దున వేటాడుతుందో వాళ్ళకు తెలిసినంత మాకు తెలియదు. కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగితే, చివరికి దాన్ని పట్టి చూపించింది ఒక స్థానిక వేటగాడు. ఆ తర్వాత దాని రక్షణ కోసం అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. పట్టే చేతుల్లోనే కాపాడే విద్య కూడా ఉందని దీన్నిబట్టే తెలుస్తోంది.

అందుకే నా విన్నపం ఇది. దసరా పొద్దున మీ శాఖ చేతిలో ఉన్న అర్బన్ ఫారెస్ట్ పార్కులను, చెరువు కట్టల పక్కనున్న ఖాళీ జాగాలను ‘పాలపిట్ట దర్శనం’ కోసం తెల్లవారుజామునే తెరవండి. అక్కడ జనాన్ని వెంటబెట్టుకుని తిప్పడానికి వాలంటీర్లం మేముంటాం. మాతో పాటు ఆ కుటుంబాల వాళ్ళను రోజు కూలీ ఇచ్చి గైడ్లుగా పెట్టండి. పంజరం పట్టుకుని గేటు గేటుకూ తిరిగిన మనిషి అక్కడ గౌరవంగా నిలబడి, అదిగో ఆ తుమ్మ చెట్టు మీద చూడమ్మా అని చెప్పగలుగుతాడు. ఇలాంటి నడకలు మా బృందం ఇప్పటికే చిన్న ఎత్తున చేస్తోంది. వచ్చేవాళ్ళలో చాలామంది లకుముకి పిట్టను చూసి పాలపిట్ట అని దండం పెడతారు. తెల్లటి రొమ్ము, పొడుగాటి ఎర్ర ముక్కు ఉంటే అది లకుముకి అని చెప్తాం. ఆ తర్వాత నిజం పాలపిట్ట తీగ మీంచి దూకినప్పుడు ముసలమ్మల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా ఒకేసారి ‘అబ్బ’ అంటారు. పంజరం ముందు ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఈ కాలంలో మేం చేసే మిగతా పనులు క్లుప్తంగా చెప్తాను. వినాయక నిమజ్జనం అయ్యాక చెరువు అంచుల్లో మిగిలిన థర్మకోల్, ప్లాస్టిక్ దండలు, ఇనుప చువ్వలు ఏరతాం. వలస పక్షులు వచ్చే వేళ అది కాబట్టి ఆలస్యం చేయలేం. అక్టోబర్ బిగ్ డే నాడు ప్రపంచమంతటితో పాటు మేమూ పక్షుల్ని లెక్కిస్తాం, జనవరిలో నీటి పక్షుల గణనకు అదే మాకు రిహార్సల్. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు కదా, అలాంటి చోట కూడా ఒడ్డున నిలబడి రాసుకునే వాలంటీరును ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగేవాళ్ళే ఎక్కువ. మీ శాఖ నుంచి ఒక గుర్తింపు కార్డు ఉంటే ఆ టెన్షన్ తప్పుతుంది. ముఖ్యంగా మా బృందంలోని ఆడపిల్లలకు అది చాలా అవసరం.

భూమి సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. బతుకమ్మకు గునుగు, తంగేడు ఏరుకునే పడావు భూములే పాలపిట్ట వేటాడే చోట్లు. రికార్డుల్లో అవి బంజరు, కాబట్టి మొక్కలు నాటాల్సిన ఖాళీ జాగాలు. హరితహారం లాంటి కార్యక్రమాల్లో గడ్డి నేలంతా గుంతలు తీసి వరసగా చెట్లు పెంచితే నీడ వస్తుందేమో గానీ, నేల మీద మిడతను చూసి దూకే పిట్టకు అక్కడ చోటుండదు. ఎండిపోయిన తాటి మొద్దును పనికిరాదని కొట్టేస్తున్నారు. ఎండాకాలంలో పాలపిట్ట గుడ్లు పెట్టేది అలాంటి తొర్రల్లోనే. మనుషుల మీద పడే ప్రమాదం లేని చోట వాటిని అలాగే ఉంచమని కింది సిబ్బందికి ఒక సూచన పంపితే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక దసరా ఏర్పాట్లకు వస్తే, ఆలస్యమైతే ఏదీ పని చేయదు. పిట్టలు పట్టేది పండగ ముందే కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఉత్తర్వు జిల్లాలకు చేరాలి. దేవాదాయ శాఖతో మాట్లాడి గుళ్ళ దగ్గర తెలుగులో, ఉర్దూలో బోర్డులు పెట్టించండి, పూజారులతో ఒక మాట చెప్పించండి. మా వంద కరపత్రాల కన్నా అయ్యగారు మైకులో చెప్పే ఒక్క మాటను జనం వింటారు. పండగ రోజుల్లో రాత్రి దాకా ఎత్తే ఒక ఫోన్ నంబరు, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు, పట్టుబడిన పిట్టలను కోలుకునే దాకా ఉంచే చోటు ఖరారు చేయండి. ఏ పిట్టను ఎప్పుడు వదలాలో డాక్టరే చెప్పాలి. ఎన్ని పట్టుబడ్డాయి, ఎన్ని బతికాయి, ఎన్ని ఎగిరిపోయాయి అన్న లెక్కను పండగ తర్వాత ప్రజల ముందు పెట్టండి. బంక తుడవడం, తిండి పెట్టడం, పిట్టను అట్టపెట్టెలో తరలించడం మీ వైద్యుల దగ్గర నేర్చుకోవడానికి మా వాలంటీర్లు సిద్ధంగా ఉన్నారు. భాద్రపదంలో ఏ ఆదివారమైనా శిక్షణ పెట్టండి, మా రాకపోకల ఖర్చు మేమే పెట్టుకుంటాం.

దీని మీద మీ శాఖ అధికారులతో మా బృందం కూర్చుని మాట్లాడటానికి ఒక గంట సమయం ఇప్పించాలని కోరుతున్నాం. వచ్చేటప్పుడు పాలపిట్టలు ఎక్కువగా కనిపించే చోట్ల మ్యాపు, కిందటి దసరాల్లో పంజరాలు కనిపించిన కాలనీల జాబితా వెంట తెస్తాం.

ఇట్లు,
ఒక పక్షి పరిశీలక బృందం వాలంటీరు,
హైదరాబాద్